బహదూర్‌పురా ల్యాబులో అందరికీ పంచిన కాగితం

"సాఫ్ట్‌వేర్‌ల ప్రయోగాలేంది మేడం, అదేమన్న కెమిస్ట్రీనా?" అని నన్ను అడగని మనిషి హైదరాబాద్ పాతబస్తీలో మా ఉప్పుగూడలో లేడు. పెళ్లిళ్లలో అడిగారు, రైల్లో అడిగారు, చివరికి నా మోకాళ్లు చూసిన డాక్టరు కూడా మోకాళ్లు వదిలేసి ఇదే అడిగాడు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఇప్పుడు రిటైరయ్యాను. ఒక్కసారి రాసి పడేస్తాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదివితే చాలు, మిగతావాళ్లు చదవకపోయినా నాకు బాధ లేదు.

ప్రోగ్రాములు రాసేవాళ్లు, చదివేవాళ్లు ఎలా పనిచేస్తే తప్పులు తగ్గుతాయో తెలుసుకోవడం మా పని. ఊహించి చెప్పడం కాదు, మనుషులతో చేయించి చూడటం. ఉదాహరణకి నా ఆఖరి ప్రయోగమే తీసుకోండి. ఈమధ్య ప్రోగ్రాములను యంత్రమే రాసిపెడుతోంది. అది రాసింది చదివి, ఎక్కడ తప్పుందో పట్టుకోవడం మనిషికి మిగిలింది. అలా చదివేటప్పుడు చేతిలో ఒక చెక్‌లిస్టు, అంటే "ఇది చూశావా, అది చూశావా" అని వరుసగా గుర్తుచేసే ఒక పేజీ కాగితం, ఉంటే తప్పులు ఎక్కువ దొరుకుతాయా? ఇంతే ప్రశ్న. సగం మందికి ఆ కాగితం ఇస్తాం, సగం మందికి ఇవ్వం. అందరికీ ఒకే ప్రోగ్రామ్, ఒకే రెండు గంటలు. ఎవరికి ఎన్ని దొరికాయో లెక్కపెడతాం. ఒక్కచోట చేస్తే ఆ ఒక్కచోటి సంగతే తెలుస్తుంది కాబట్టి ఐదు చోట్ల చేశాం. రెండు కంపెనీలు, మూడు ఇంజినీరింగ్ కాలేజీలు.

ఐదు చోట్లా ఒకేలా జరగాలి. ఈ నాలుగు మాటల కోసమే నా జుట్టు నెరిసింది.

ఒకేలా అంటే ఒకేలా

ఒక జిల్లా కాలేజీకి పోతే ల్యాబు బయట ఫ్లెక్సీ కట్టారు. అందులో నా ఫోటో నాకంటే పెద్దగా ఉంది. ముఖ్య అతిథి, దీప ప్రజ్వలన, శాలువా, అన్నీ ఉన్నాయి. పదింటికి మొదలవ్వాల్సింది పదకొండున్నరైనా ప్రార్థనా గీతం దాటలేదు. సరే, అదీ భరించాను. అప్పుడు ముఖ్య అతిథి మైకు పట్టుకుని, "కాగితం ఉన్నవాళ్లకే ఎక్కువ తప్పులు దొరుకుతాయని ఈరోజు మేడం గారు నిరూపించబోతున్నారు" అని పిల్లలందరి ముందూ చెప్పేశాడు. అయిపోయింది! కాగితం రాని పిల్లలు ఇక మాకెలాగూ దొరకవులే అని కుర్చీల్లో వెనక్కి వాలారు. భుజాల మీద శాలువా, లోపల ఒళ్లు మంట. ఆ రోజుకు ఆపేసి, నెల తరువాత వేరే క్లాసుతో మళ్లీ చేశాం. రెండోసారీ శాలువా కప్పారు.

ఇంకోచోట, ఒక కంపెనీలో, మేనేజరు తన టీముకి ఏం చెప్పాడో తెలుసా? ఇందులో ఎంత ఎక్కువ తప్పులు పట్టుకుంటే ఈ ఏడు జీతం అంత ఎక్కువ పెరుగుతుందని! పాపం వాళ్లు చెమటలు కక్కుతూ కూర్చున్నారు. తప్పు కానివి కూడా తప్పులని రాసి పేజీలు నింపారు. "ఎందుకలా చెప్పారండీ?" అని అడిగాను. "అలా అనకపోతే సీరియస్‌గా తీసుకోరు మేడం" అన్నాడు. నవ్వుతూ అన్నాడు! నేను పళ్లు కొరుక్కుంటూ వేరే టీముకి సర్దిచెప్పి మొదటినుంచీ మళ్లీ చేయించాల్సి వచ్చింది.

ఎవరికీ ప్రయోగాన్ని పాడుచేయాలని ఉండదు. అందరూ సాయం చేస్తున్నామనే అనుకుంటారు. అడ్డుపడేవాడినైతే నాలుగు మాటలని పక్కకు నెట్టొచ్చు. సాయం చేసేవాడిని ఏమనగలం?

మా పరిశోధన సంస్థ డైరెక్టరు మూర్తి గారి గురించి కూడా చెప్పాలి. అంకెల్లో ఆయన దిట్ట. తెర మీద ఒక వరుస తేడాగా ఉంటే గది ఆ చివరినుంచి పట్టుకునేవారు. ఆ విద్య నాకు ఆయన నేర్పిందే. కానీ ఆయన ఆ గది దాటి ఏ ల్యాబుకీ వచ్చింది లేదు. ఆ అంకెల వెనక మనుషులుంటారనీ, వాళ్లు టీ తాగుతారనీ, పక్కవాళ్లతో మాట్లాడతారనీ, జాలిపడతారనీ ఆయనకు ఎంత చెప్పినా గుర్తుండేది కాదు.

నేను పోని చోటు

ఇక నా సంగతి. ఇది రాయడానికి సిగ్గుపడే ఇంతసేపు అటూ ఇటూ తిరిగాను.

మా పద్ధతి ప్రకారం, ప్రయోగం జరిగే ప్రతిచోటికీ సమన్వయకర్త స్వయంగా పోవాలి. అంటే నేను. సగం మంది చేతిలోనే చెక్‌లిస్టు ఉందనీ, మిగతా సగం దగ్గర లేదనీ కళ్లతో చూసి, "చూశాను" అని ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. నాలుగు చోట్లకి బస్సుల్లో, రైళ్లలో పడి పోయాను. ఐదోది బహదూర్‌పురాలోని కాలేజీ. మా ఇంటినుంచి ఆటో ఎక్కితే ఇరవై నిమిషాలు.

అక్కడ ల్యాబు ఇన్‌చార్జ్ యాదగిరి. మా ఉప్పుగూడ మనిషే, మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉంటాడు. వాళ్లకు బర్రెలున్నాయి. పొద్దున వాళ్లావిడ అంజమ్మ దగ్గరే మేం పాలు తెచ్చుకుంటాం. కాలేజీలో నన్ను మేడం అంటాడు, గల్లీలో అక్కా అంటాడు. ప్రయోగానికి ముందురోజే నేను జిల్లానుంచి నడుం విరిగి వచ్చాను. పాల దగ్గర అతనే అన్నాడు, "మీరు రాకున్నా ఏం ఫికర్ లేదక్కా. జర రెస్ట్ తీస్కోండ్రి. కాయితంల రాసినట్టే చేస్త." మనోడే కదా అనుకున్నాను. ఇంట్లోనే పడుకున్నాను. మర్నాడు జవాబుపత్రాల కట్ట పంపించాడు, తాడు కట్టి, వరుసగా నంబర్లు వేసి, ముచ్చటగా. నేను ఆఫీసులో కూర్చుని "చూశాను" అని సంతకం పెట్టాను.

పెట్టేటప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే చిరాకేస్తుంది.

అంకెలు తేడా కొట్టాయి

నాలుగు చోట్ల చెక్‌లిస్టు ఉన్నవాళ్లకు తప్పులు బాగా ఎక్కువ దొరికాయి. బహదూర్‌పురాలో మాత్రం రెండు జట్లూ సమానం. పైగా అందరికీ మస్తుగా దొరికాయి. కాగితం లేనివాళ్లు కూడా ఇరగదీశారు.

మూర్తి గారు తెరవైపు ఒక్కసారి చూసి, "కాపీ కొట్టారండీ" అన్నారు.

"ఎట్ల చెప్తున్నారు సార్?"

"ఓల్డ్ సిటీ కాలేజీ కదండీ సుగుణ గారూ. పరీక్షలు ఎలా రాస్తారో మనకు తెలియదా?"

కోపం వస్తే నాకు ఆఫీసు తెలుగు రాదు. "నేను గూడ ఆడ్నే పుట్టిన సార్. గా మాట అనకుండ్రి" అన్నాను. ఆయన కంగుతిని, మిమ్మల్ని అనలేదండీ అని సర్దుకున్నారు గానీ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

జవాబుపత్రాలు ముందేసుకుని కూర్చున్నాను. కాపీ కొడితే ఒకడి పొరపాటు పక్కవాడి కాగితంలోకీ వస్తుంది. ఇక్కడ అలా లేదు. ఒకరికి దొరకనిది ఇంకొకరికి దొరికింది, ఒకరు పైనుంచి మొదలుపెడితే ఇంకొకరు మధ్యలోంచి పట్టుకున్నారు. ఎవరి రాత వాళ్లది, ఎవరి మాటలు వాళ్లవి. ఇదంతా మూర్తి గారికి చూపించాను. "అయితే మరి ఎందుకు సమానమైంది?" అన్నారు. నేను పత్రాలు మళ్లీ తిరగేసేలోపు ఆయన ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి, మీ పిల్లలు కాపీ కొట్టారా అని అడిగేశారు.

అక్కడితో లొల్లి మొదలైంది. ఈ ప్రయోగానికి ఖర్చు పెడుతున్న కంపెనీ, ఆ ఏడాది మొట్టమొదటిసారి బహదూర్‌పురా కాలేజీకి క్యాంపస్ ఇంటర్వ్యూలకు వస్తానని మాటిచ్చింది. అలాంటి కంపెనీ ఆ గేటు లోపలికి ఎన్నడూ వచ్చింది లేదు. మా రిపోర్టు ముందు వెళ్లేది వాళ్లకే. అందులో "ఈ కాలేజీలో కాపీ జరిగింది" అని ఒక్క ముక్క ఉంటే ఇక వాళ్లెందుకు వస్తారు? ప్రయోగంలో కూర్చున్న నలభై మంది పిల్లలనూ ప్రిన్సిపాల్ నిలబెట్టి కడిగేశాడట.

ఆదివారం పొద్దున మా తలుపు చప్పుడైంది. తీస్తే యాకుత్‌పురా నుంచి వచ్చిన అమ్మాయి, పేరు ఆఫ్రీన్. ఆ నలభై మందిలో ఒకతె. కాగితం అందకూడని జట్టులో అమ్మాయి.

"మేం నకల్ కొట్టలే మేడం. అల్లా కసమ్. మా అబ్బాకు గూడ ఫోన్ పోయింది. మూడు దినాలసంది ఇంట్ల నాతోని మాట్లాడ్తలేడు."

"లోపలికి రా బిడ్డా. కూసో. నువ్వు కొట్టలేదని నాకు తెల్సు. కని గిన్ని తప్పులెట్ల పట్టినవ్, గది చెప్పు."

"ఎట్ల పట్టిన అంటే? కాయితం ఇచ్చిండ్రు కద మేడం. అండ్ల ఒక్కొక్కటి చూస్కుంట పోయిన. దొరికినయ్."

"ఏం కాయితం?"

"చెక్‌లిస్ట్ మేడం. యాదగిరి సార్ ఇచ్చిండు."

"నీకొక్కదానికేనా?"

"నాకొక్కదాన్కి ఎందుకిస్తడు? అందర్కి ఇచ్చిండు."

యాదగిరి న్యాయం

ఆ పిల్లకు టీ ఇచ్చి కూర్చోబెట్టి, చెప్పులేసుకుని రెండు గల్లీలు దాటి పోయాను. యాదగిరి బర్రెకు గడ్డి వేస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"చెక్‌లిస్టు అందరికీ ఇచ్చినవా యాదగిరీ?"

"ఇచ్చినక్కా. మీరు సగమే పంపిన్రు. మిగతయి నేనే జిరాక్స్ తీపిచ్చిన." ఎంత సంబరంగా చెప్పాడో!

"సగం మందికే ఇయ్యాలె అని రాసిలేదా అండ్ల?"

"రాసి ఉండె. చదివిన. నాకు మనసొప్పలే." గడ్డి కింద పెట్టి నావైపు తిరిగాడు. "మీరే చెప్పుండ్రి. దావత్‌ల ఒక బంతికి వడ్డించి, ఇంకో బంతిని ఉత్త ఇస్తరాకుల ముంగట కూసోబెడ్తమా? పొరగాళ్లు అడుగుతున్నరు, సార్ మాకేది, మాకేది అని. ఆళ్లేం పాపం చేసిన్రు?"

"ఓరి నాయనా! గది దావత్ కాదు, ప్రయోగం! మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె మీరు ఒద్దంటరు గద" అన్నాడు.

తల తీసుకెళ్లి ఆ కొట్టం గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అక్కడే నిలబడి, ఎందుకు సగం మందికే ఇస్తామో విడమరిచి చెప్పాను. ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ తేడా చూస్తేనే కదా ఆ కాగితంతో ఉపయోగం ఉందో లేదో తెలిసేది! అందరికీ ఇస్తే ఇక ఏం తెలుస్తుంది? నోరు తెరుచుకుని విన్నాడు. పిల్లల మీద పడిన కాపీ నిందకు ఆ జిరాక్సే కారణమనీ, దానివల్ల కంపెనీ రాకపోవచ్చనీ చెప్పేసరికి మొహం తెల్లబోయింది.

"గిట్లని మొదలే చెప్పుంటె నేను ఇయ్యకపోదును గదక్కా. అయిపోయినంక అందరికి ఇస్తమని ఒక్క మాట రాసున్నా ఆగుదును."

తిట్టడానికే పోయాను. కానీ అతను అన్నది నిజమే. నేను రాసిన సూచనల్లో ఏం చెయ్యాలో ఉంది, ఎందుకు చెయ్యాలో ఎక్కడా లేదు. ప్రయోగం అయ్యాక మిగతా సగానికి కూడా ఆ కాగితం ఇవ్వాలన్న ఆలోచనే నాకు రాలేదు. ముప్పై ఏళ్ల సర్వీసు! ఇక ఆ రోజు నేను ఆ ల్యాబులో నిలబడి ఉంటే, అతను జిరాక్స్‌కి పంపేటప్పుడే పట్టుకునేదాన్ని.

"నీ నౌకరికేమీ కాదు. చూసిన అని ఫారం మీద సంతకం పెట్టింది నేను" అన్నాను. ఇంటికొచ్చి ఆఫ్రీన్‌తో, "సోమవారం నేను రాసిస్త, ఫికర్ చెయ్యకు" అని చెప్పి పంపించాను.

ఒక్క వాక్యం కోసం

సోమవారం మూర్తి గారికి అంతా చెప్పాను, సంతకం సంగతితో సహా. ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగారు.

"రిటైర్మెంటుకి ఇంకెన్నాళ్లుందండీ?"

"నాలుగు నెలలు సార్."

"ఎందుకండీ మరి ఇదంతా? ఆ కాలేజీని లెక్కలోంచి తీసేద్దాం. కాపీ జరిగి ఉండవచ్చు అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. 'ఉండవచ్చు' అనే కదా అంటున్నాం. ఎవరికండీ నష్టం?"

"నలభై మందికి సార్."

"మీరు ఒకచోట పోకుండా సంతకం పెట్టారని బయటపడితే, మిగతా నాలుగు చోట్ల సంతకాలను ఎవరు నమ్ముతారు? రెండేళ్ల పని పోతుందండీ!"

న్యాయం చెప్పాలంటే ఆయన భయం ఉత్తుత్తి భయం కాదు. ఆ రెండేళ్ల పని ఆయనదీ, నాదీ, మా దగ్గర పనిచేసే ఇంకో పదిమంది పిల్లలదీ. అందుకే నాకు ఇంకా మండింది. ఒక అబద్ధపు సంతకాన్ని కాపాడుకోవడానికి ఇంకో అబద్ధం రాయాలి, అది నలభై మంది నెత్తిన పెట్టాలి. "నాలుగు చోట్లా మళ్లీ అడిగి చూస్కోమనుండ్రి సార్. బస్ టికెట్లు సుత దాచిపెట్టిన. కాపీ అన్న ముక్క రాస్తె మాత్రం గా రిపోర్టు మీద నా పేరుండది, నేను కంపెనీకి వేరే ఉత్తరం రాస్త" అన్నాను. నా గొంతు వరండాలోకి వినిపించిందని తరువాత చెప్పారు.

రెండు రోజులు ఆయన నాలుగు చోట్లకీ ఫోన్లు చేసి కనుక్కున్నారు. మూడో రోజు ఆయనే నా బల్ల దగ్గరికి వచ్చి, "రాయండి, సంతకం పెడతాను" అన్నారు. రిపోర్టులో ఆ ముక్క ఇలా వెళ్లింది:

"బహదూర్‌పురా కాలేజీ ఫలితాలను లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ రెండు జట్లకూ చెక్‌లిస్టు అందింది. సమన్వయకర్త సుగుణ ఆ రోజు అక్కడికి వెళ్లలేదు, వెళ్లినట్టు సంతకం చేశారు. విద్యార్థులు తమకు చెప్పినట్టే చేశారు. కాపీ జరగలేదు."

దాని ఖర్చు తక్కువేం కాదు. నాకు మెమో వచ్చింది. కంపెనీవాళ్లు నాలుగు చోట్లకీ మనుషులను పంపి ప్రతి సంతకమూ ఆరా తీశారు. నాకు మిగిలిన నాలుగు నెలల్లో సగం ఆ జవాబులు రాయడానికే పోయాయి. బహదూర్‌పురాలో ప్రయోగం మళ్లీ పెట్టడానికి కూడా వీల్లేదు, ఆ జిరాక్సులు అప్పటికే కాలేజీ అంతా తిరిగాయి, ఒకసారి చదివిన పిల్లలు చదవనివాళ్లు కాలేరు. కొత్తగా వచ్చేవాళ్లకు చెబుతున్నాను, దూరపు చోట్లకు ఎలాగూ పోతారు, ముందు మీ ఇంటిపక్క చోటుకు పోండి. మనోడే కదా అనిపించినచోటికి రెండుసార్లు పోండి.

రిపోర్టులో ఆ ముక్క ఉన్న పేజీ ఒక ప్రతి తీసి, ప్రిన్సిపాల్‌కి చూపించమని యాదగిరి చేతికిచ్చాను. ఒక్కటే ఇచ్చాను.

నెలన్నర తరువాత కంపెనీ ఇంటర్వ్యూలకు వచ్చింది. ఆ సాయంత్రం ఆఫ్రీన్ ఫోన్ చేసింది. "మేడం, ఇంటర్వ్యూల సార్ మొదలే అడిగిండు, మీ కాలేజ్‌ల ఏదో నకల్ లొల్లి అయిందట గద అని. నేను ఫైల్‌లకెల్లి మీ కాయితం తీసి ముంగట పెట్టిన. సార్ చదివి నవ్విండు."

"నా కాయితం నీ దగ్గరికెట్ల వచ్చింది?"

"నా దగ్గరొక్కదాన్దగ్గరే కాదు మేడం. అందరి ఫైల్‌లల్ల ఉంది. సార్ ఎవర్ని అడిగినా గదే కాయితం తీసి చూపెట్టిన్రు. లాస్టుకు సార్ అడుగుడు బంద్ చేసిండు."

మర్నాడు పొద్దున పాలకు పోయాను. అంజమ్మ డబ్బాలో పాలు పోస్తోంది, యాదగిరి బర్రె పక్కన నిలబడి నావైపు చూడకుండా ఏదో సర్దుతున్నాడు.

"ఏంది యాదగిరీ! నేను దొంగ సంతకం పెట్టిన్నని రాసున్న కాయితం! నీకు ఒక్కటిచ్చిన గద, నలభై మందికి పంచినవా?"

"ముంగట ఆఫ్రీన్‌కే ఇద్దామనుకున్ననక్కా" అన్నాడు, తల గోక్కుంటూ. "మిగతోళ్లు, సార్ మాకేది అన్నరు."